జవాబు వచ్చేదాకా మోగిన టైపు

ఆ సాయంకాల పత్రిక ఆఫీసులో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. అందరికీ ఆమె "హలో అక్క." తండ్రి వయసువాళ్ళు ఎదురుగా అమ్మా అన్నా, ఆమె మాట వస్తే అక్క అనే చెప్పుకునేవారు. పొద్దున కుర్చీలో కూర్చున్నది మొదలు ఇంటికి బయల్దేరేదాకా ఆమె నోట్లోంచి వచ్చే మాటల్లో సగం ఆ "హలో"లే కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు. ఆమె కూడా పట్టలేదు.

పని ఇదీ. ఊళ్ళో ఎక్కడెక్కడో తిరిగే విలేకరులు దొరికిన ఫోను పట్టుకుని వార్త చదువుతారు. ఆమె రిసీవరు చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, విన్నది విన్నట్టు టైపు కొడుతుంది. న్యూస్ రూములో ఒక మూల, నిలబెట్టిన బీరువా అంత చెక్క గది ఆమెది. దానికో అద్దం కిటికీ. ఆ అద్దంలోంచి బయటివాళ్ళకు కనిపించేది ఆమె వీపు, జడ, ఎగిరిపడే మోచేతులు. రిసీవరు పట్టుకుని పట్టుకుని మెడ ఒక పక్కకు వాలిపోయింది. పెళ్ళి ఫోటోలో కూడా అలాగే వాలి ఉంటుంది. అప్పటికింకా ఉద్యోగంలో చేరలేదు, కానీ చూసినవాళ్ళంతా "ఇది పుట్టుకతోనే టెలిఫోను పిల్ల" అని నవ్వేవారు.

నిజానికి ఆ చెవి తయారైంది పుట్టింట్లో. వాళ్ళ ఇంటికి ఉమ్మడి గోడ అవతల రేకు డబ్బాలు చేసే దుకాణం. రోజంతా సుత్తి దెబ్బలు. ఆ ఇంట్లో పెరిగిన పిల్లలు రెండు రకాలయ్యారు. తమ్ముళ్ళు అరిచి మాట్లాడటం నేర్చుకున్నారు. ఈమె మోతలోంచి మాట ఏరుకోవడం నేర్చుకుంది. పత్రికవాళ్ళు పరీక్ష పెట్టినప్పుడు పక్కన యంత్రం ఆడుతుండగా ఒకాయన ఫోనులో గొణిగాడు. మిగతావాళ్ళు "మళ్ళీ చెప్పండి" అన్నారు. ఈమె మాత్రం టైపు కొట్టిన కాగితం చేతికిచ్చి, "మీకు జలుబు చేసినట్టుంది, వేడి నీళ్ళు తాగండి" అంది. ఉద్యోగం ఇచ్చేశారు.

ఆ ఆఫీసుకో అలవాటు ఉండేది. ఎవరూ రాసి పెట్టలేదు గానీ అందరికీ తెలుసు. మొదటి పేజీలో కోర్టు వార్తకు ఒక గడి ఖాళీగా ఉంచుతారు. హలో అక్క గదిలో టైపు మోగుతున్నంతసేపూ కోర్టు వార్త వస్తున్నట్టు. టైపు ఆగితే వార్త అయిపోయినట్టు. అప్పుడు డెస్కు పెద్ద, అంటే అందరూ కత్తెర అని పిలిచే ఆయన, ఎర్ర పెన్సిలు తీసి కాగితం కోసి కిందికి పంపుతాడు. కింద అచ్చు ఫోర్‌మన్ పేజీ మూసేస్తాడు. తల ఎత్తి చూసే తీరిక ఎవరికీ లేదు. చెవులతోనే నడిచేది ఆ వ్యవహారం.

కోర్టులో కూడా ఒక అలవాటు ఉంది. కోర్టు భవనం మొత్తానికీ విలేకరులకు దొరికే ఫోను ఒక్కటే, కింద అందరూ పిన్ని అని పిలిచే ఆవిడ నడిపే క్యాంటీన్‌లో. ఎవరు రిసీవరు కింద పెడితే, పక్కన కాచుకుని ఉన్న పోటీ పత్రికవాడు దాన్ని లాక్కుంటాడు. అందుకని ఈ పత్రిక తరపున కోర్టుకు వెళ్ళే పెద్దాయన, కోర్టు బాబాయి, తీర్పు రోజుల్లో లైను వదలకుండా ఏదో ఒకటి చదువుతూనే ఉండేవాడు. క్యాంటీన్ గోడ మీది నియమాలన్నీ హలో అక్కకు అలా కంఠతా వచ్చేశాయి. "చేతులు కడిగే చోట పాత్రలు కడగరాదు. బల్లల మీద కాళ్ళు పెట్టరాదు. అమ్మాయ్, వింటున్నావా? జడ్జిగారు ఇంకా రాలేదు. బల్లల మీద కాళ్ళు పెట్టరాదు."

ఇక ఆ కేసు. గ్లవ్స్ కుట్టే మిల్లులో పనిచేసే ఒక అమ్మాయి, తన మీద మిల్లు మేనేజరు అత్యాచారం చేశాడని కేసు పెట్టింది. ఊరు ఊరంతా అట్టుడికిపోయింది. పత్రికలకు పంట పండింది.

పత్రికలు ప్రజల గొంతు అని సభల్లో చెప్పేవాళ్ళు ఆనాటి పేపర్లు తీసి ఒక్కసారి చదివితే బాగుంటుంది. జరిగిన నేరానికి ఉన్న పేరు అచ్చులో వెయ్యడం మర్యాద కాదట. అందుకని "ఆ సంఘటన" అని రాసేవారు. మర్యాద అంతటితో సరి. ఆ అమ్మాయి ఏ రంగు స్వెట్టరు వేసుకుంది, జుట్టు ముడి వేసుకుందా వదిలేసిందా, బోను మెట్లు ఎక్కేటప్పుడు ఎవరి వైపు చూసింది, అన్నీ మొదటి పేజీలోనే. మేనేజరు "వారు", "ఆయన". ఆ అమ్మాయి "ఆ యువతి", లేదంటే ఉత్త "సాక్షి." ముద్దాయి ప్రశాంతంగా ఉన్నారని రోజూ రాసేవారు. ఇంటికెళ్ళి భోంచేసి వచ్చినవాడు ప్రశాంతంగా ఉండక ఏం చేస్తాడు?

అసలైన వివరాలు మొదలయ్యేసరికి జడ్జిగారు గొంతు సవరించుకుని, "స్త్రీలు బయటికి వెళ్ళవచ్చు" అనేవారట. కుర్చీల్లో ఉన్న ఆడవాళ్ళంతా లేచి వెళ్ళేవారు. ఆ మాట విని కూడా వెళ్ళే వీల్లేని ఆడది ఆ హాల్లో ఒక్కతే. ఆ అమ్మాయి.

హలో అక్క ఇదంతా రోజూ టైపు కొట్టేది. సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అదే వార్త అత్తగారి నోట మళ్ళీ వినాల్సి వచ్చేది. ఆవిడ కుట్టుమిషను ముందు కూర్చుని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, పేపరు గట్టిగా చదివేది. చదువుతూ వ్యాఖ్యానం.

"ఏమిటే ఈ 'సంఘటన'? ట్రాము గానీ పట్టాలు తప్పిందా?"

"మా వాళ్ళు అలాగే రాస్తారు అత్తయ్యా."

ట్రాము నడిపే ఆవిడ కొడుకు, అంటే హలో అక్క మొగుడు, పక్క గదిలోంచి అరిచేవాడు. "నా ట్రాము జోలికి రావద్దమ్మా!"

"నీ ట్రాము సంగతి తర్వాత చూద్దాం గానీ, ఇది విను. 'నువ్వు కేక ఎందుకు వెయ్యలేదని లాయరు ప్రశ్నించగా సాక్షి మౌనం వహించింది.' ఇదిగో, మళ్ళీ మౌనం! నిన్నా మౌనమే, మొన్నా మౌనమే. నిజంగా జరిగినదయితే నోట మాట రాదుటే? నేనైతే ఆ లాయరు చెవులు చిల్లులు పడేట్టు చెప్పేదాన్ని."

"మీరు చెబుతారు అత్తయ్యా. మీకేం."

"అంటే?"

"ఏమీ లేదు. చదవండి."

ఆ "మౌనం" హలో అక్కను కూడా తొలిచేది. ఒకరోజు బాబాయి వార్త చదవడం ముగించి, మామూలుగా క్యాంటీన్ టీని తిట్టుకుంటుంటే అడిగేసింది.

"బాబాయ్, ఆ అమ్మాయి ఏ ప్రశ్నకీ జవాబు చెప్పదా?"

"ఎందుకు చెప్పదూ! బ్రహ్మాండంగా చెబుతుంది. నిన్న మేనేజరు లాయరుకు చెమటలు పట్టించిందనుకో."

"మరి మౌనం అన్నారేం?"

"అప్పటికి మౌనమే కదమ్మాయ్! లాయరు ప్రశ్న వేస్తాడు. వెంటనే జడ్జిగారి వైపు తిరిగి, 'పాపం సాక్షి అలిసిపోయింది, ఆలోచించుకోనివ్వండి, భోజనానికి లేద్దాం' అంటాడు. జడ్జిగారు లేస్తారు. నేను నీకు ఫోను చేస్తాను. జవాబు భోజనాలయ్యాక వస్తుంది. అప్పటికి మన పేపరు బజార్లో ఉంటుంది."

"మర్నాడైనా వెయ్యచ్చుగా?"

"మర్నాటికి మర్నాటి ప్రశ్న ఉంటుందిగా" అని నవ్వి, మళ్ళీ టీ మీద పడ్డాడు.

హలో అక్క రిసీవరు పెట్టేసి లెక్క వేసుకుంది. ఆ లాయరుకు సాయంకాల పత్రిక ఎప్పుడు మూస్తారో తన కంటే బాగా తెలుసు! రోజూ మేకులాంటి ప్రశ్న ఒకటి సరిగ్గా భోజనం గంటకు ముందు దిగ్గొడుతున్నాడు. పైగా సాక్షి మీద దయ! తీర్పు చెప్పే జూరీలో కూర్చున్న దుకాణదారులు సాయంత్రం ఇళ్ళకు పోయి చదివేది ఈ పేపరే. చదవకూడదని చెబుతారనుకోండి. చెప్పడం వరకే.

కత్తెర దగ్గరికెళ్ళింది. ఆయన చెడ్డవాడేం కాదు. మంచివాడని కూడా ఎవరూ అనరు. పేజీ సకాలంలో మూయడం తప్ప ఆయనకు వేరే మతం లేదు.

"సార్, ఆ అమ్మాయి జవాబులు చెబుతోందట. మనం మౌనం అని వేస్తున్నాం."

"మన టైముకి మౌనమే కదమ్మా?"

"మర్నాడైనా..."

"నిన్నటి జవాబు ఇవాళెవరిక్కావాలి? నీ ముందు ఆ గదిలో ఉన్నాయన పేజీ లేటు చేసి, ఉద్యోగం ఊడి ఇంటికెళ్ళాడు. గుర్తుందా?"

గుర్తుంది. ఆమె గుర్తున్నట్టు తల ఊపి, బీరువాలాంటి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

సాక్ష్యం చివరి రోజు వచ్చింది. ఆ తర్వాత లాయర్ల వాదనలు, తీర్పు. ఆ అమ్మాయి ఇక నోరు తెరిచేది ఆ ఒక్కరోజే. ఆవేళ కూడా పేపరు "మౌనం" అని వస్తే, ఊరికి ఆమె ఎప్పటికీ మూగదే. ఈ సంగతి హలో అక్క పొద్దున్నించీ మర్చిపోలేదు. ఫోను మోగినప్పుడల్లా బాబాయేమో అనుకుని ఎత్తేది. ఎవరో సంత ధరలు చెప్పేవారు, ఇంకెవరో ఫుట్‌బాల్ గోల్స్ చెప్పేవారు. విసుగ్గా కొట్టి పడేసేది.

చివరికి బాబాయి గొంతు.

"రాసుకో అమ్మాయ్. నేడు కోర్టు కిక్కిరిసింది. సాక్షి బూడిదరంగు స్వెట్టరు..."

"స్వెట్టరు తర్వాత. ప్రశ్న ఏమిటి?"

"తొందరపడకు. లాయరు ఇలా అడిగాడు. 'నీకు అంత అన్యాయం జరిగిందంటున్నావు. మర్నాడు పొద్దున మళ్ళీ అదే మిల్లుకు, అదే గదికి పనికి ఎందుకు వెళ్ళావు?' హాలంతా నిశ్శబ్దం. రాసుకో, సాక్షి మౌనం..."

"భోజనానికి లేచారా?"

"లేవలేదు, అదే విచిత్రం. జడ్జిగారికి పంటి నొప్పి. మధ్యాహ్నం పళ్ళ డాక్టరు దగ్గరికి పోవాలట. 'భోజనం గీజనం లేదు, మంచినీళ్ళు తాగి వస్తా, ఇప్పుడే ముగిద్దాం' అన్నారు. లాయరు మొహం చూడాల్సింది! సరే, మన పేజీ మూసేస్తారు గనక, సాక్షి మౌనం వహించింది, ఫుల్‌స్టాప్."

హలో అక్క వేళ్ళు ఫుల్‌స్టాప్ మీద ఆగిపోయాయి.

"బాబాయ్! ఫోను పెట్టకండి. పైకెళ్ళండి. జవాబు విని కిందికి రండి."

"పిచ్చిదానా, లైను వదిలితే అవతలివాడు కాచుక్కూచున్నాడు. పైగా నా మోకాళ్ళు..."

"మోకాళ్ళను తర్వాత ఓదారుద్దురు గాని. రిసీవరు క్యాంటీన్ పిన్నికివ్వండి."

"పిన్నికా! ఏం మాట్లాడుతుంది?"

"ఆవిడకు మాటలు కరువా? ఇవ్వండి బాబాయ్, మీకు పుణ్యముంటుంది!"

గరగరమని చప్పుడు. కుర్చీ జరిగిన మోత. బాబాయి మెట్ల వైపు కుంటుతూ పరిగెత్తడం కూడా ఆ చెవికి వినిపించింది. తర్వాత ఒక కొత్త గొంతు, నూతిలోకి అరుస్తున్నట్టు.

"హలో! ఎవరమ్మా? నేను క్యాంటీన్ పిన్నిని. ఏం చెప్పమంటావు?"

"ఏదైనా చెప్పండి పిన్నీ. ఆపకుండా చెప్పండి. మీ ఇంటి సంగతులు చెప్పండి."

అడిగినవాళ్ళు లేక అన్నాళ్ళూ ఆగింది గాబోలు. ఆనకట్ట తెగింది. కోడలు పొద్దెక్కేదాకా లేవదు. లేచినా పొయ్యి దగ్గరికి రాదు. వచ్చినా గిన్నె మాడబెడుతుంది. అడిగితే మూతి ముడుచుకుని గదిలోకెళ్ళి తలుపేసుకుంటుంది. ఆమె తానా అంటే కొడుకు తందానా. హలో అక్క అదంతా మాట పొల్లుపోకుండా టైపు కొడుతోంది. కొట్టాలి మరి! టైపు మోగుతుంటేనే కత్తెర ఆగుతాడు. ఉత్తుత్తినే మీటలు నొక్కితే ఆ చప్పుడు వేరుగా ఉంటుందని, కత్తెర చెవికి అది తెలిసిపోతుందని ఆమె భయం. కాబట్టి నిజమైన వాక్యాలే కావాలి. నిజమైన కోడలు, నిజమైన గిన్నె.

అద్దం మీద టకటక.

"ఇంకా ఎంతమ్మా?" కత్తెర.

ఆమె వెనక్కి తిరక్కుండా ఎడమచేయి ఒక్కటి పైకెత్తింది. కుడిచేయి ఆగలేదు.

"ఇంత చెబుతున్నాడేమిటివాళ బాబాయి? లాయరు మహాభాష్యం చెప్పాడా?"

ఆమె తల ఊపింది. చెవిలో పిన్ని, "ఆ గిన్నె మా అమ్మ ఇచ్చిందే తల్లీ, అడుగు చూస్తే ఏడుపొస్తుంది" అంటోంది.

కింది అచ్చు గదికి మాటలు మోసే గొట్టంలోంచి ఫోర్‌మన్ కేక. "పైన బతికున్నారా లేదా? బండ్లు వచ్చి నిలబడ్డాయి!"

"వస్తోందయ్యా, టైపు వినపడటంలే?" కత్తెర అరిచాడు.

ఆయన నోటి నుంచి తనకు వత్తాసు రావడం విని హలో అక్కకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. వేళ్ళు చెమటకు జారుతున్నాయి. ఇంకెంతసేపు? జడ్జిగారు నీళ్ళు తాగుతున్నారా, బావి తవ్వుతున్నారా? ఎక్కడో పిన్ని వెనకాల పోటీ పత్రికవాడు "ఏమ్మా, ఫోను నీ సొంతమా?" అంటున్నాడు. "నా క్యాంటీన్‌లో నన్నే అడుగుతావా? పో అవతలికి!" అని పిన్ని గదిమింది. ఆ ముక్క కూడా ఆమె టైపు కొట్టేసింది.

కత్తెర తలుపు తీశాడు. గదిలోకి ఒక అడుగు వేశాడు. ఆయన చెయ్యి కాగితం మీదికి వస్తోంది.

అప్పుడు చెవిలో రొప్పు. పొయ్యి ఊదుతున్నట్టు.

"అమ్మాయ్... చెప్పింది... చెప్పింది!"

"చెప్పండి బాబాయ్!"

"ఆమె మాటల్లోనే చెబుతాను, రాసుకో. 'వెళ్ళాను. నా మిషను అక్కడే ఉంది. నాకు పని కావాలి. ఆయన కూడా వచ్చాడు. మర్నాడు పొద్దున్నే, ఇస్త్రీ చొక్కా వేసుకుని. నన్నే అందరూ అడుగుతున్నారు, ఎందుకు వెళ్ళావని. ఆయన్ని ఎవరూ అడగలేదు, ఎందుకొచ్చావని.' అంతే. కూర్చుంది. లాయరు ఇంకేం అడగలేదు. జడ్జిగారు దవడ పట్టుకుని రాసుకుంటున్నారు."

ఆమె ఎంత గట్టిగా కొట్టిందంటే కాగితానికి చిల్లులు పడ్డాయి. లాగి కత్తెర చేతిలో పెట్టింది. ఆయన పై నుంచి చదవడం మొదలెట్టాడు. లాయరు ప్రశ్న దాటగానే కనుబొమలు నెత్తికెక్కాయి.

"కోడలు పొద్దెక్కేదాకా లేవదు... ఇదేమిటమ్మా! ఎవరి కోడలు?"

"మధ్యలోదంతా కొట్టెయ్యండి సార్. కింది నుంచి చదవండి. కింది నుంచి!"

ఆయన కింది నుంచి చదివాడు. ఇంకోసారి చదివాడు. ఆయన మనసు కరిగిందని, కళ్ళు చెమర్చాయని రాయడం తేలికే. అలాంటిదేమీ జరగలేదు. ఆయన ముక్కుపుటాలు అదిరాయి. మంచి హెడ్డింగు వాసన తగిలినప్పుడు అలా అదురుతాయి. "హెడ్డింగులో మౌనం తీసెయ్!" అని గొట్టంలోకి అరిచాడు. "పెద్ద అక్షరాలు తియ్యి! 'ఆయన్ని ఎవరూ అడగలేదు!' వెడల్పంతా వెయ్యి!" ఎర్ర పెన్సిలుతో మధ్య వాక్యాలు కొట్టిపారేస్తూ మెట్లు దిగి తనే పరిగెత్తాడు. అంత బరువైన మనిషి పరిగెత్తడం ఆఫీసు అంతకు ముందు చూడలేదు.

హలో అక్క రిసీవరు మళ్ళీ చెవికి పెట్టుకుంది. "బాబాయ్, మోకాళ్ళెలా ఉన్నాయి?"

"ఉన్నాయా అని అడుగు ముందు" అన్నాడాయన.

పేపరు బజార్లోకి వచ్చింది. కత్తెర అనే పేరు మోసిన ఆయన ఆ పరుగులో ఒక్క వాక్యం కొయ్యడం మర్చిపోయాడు. మొదటి పేజీలో, ఊరంతా చదివేలా, ఇలా పడింది: "మర్నాడు మళ్ళీ అదే గదికి ఎందుకు వెళ్ళావని లాయరు ప్రశ్నించగా, అడిగితే మూతి ముడుచుకుని గదిలోకెళ్ళి తలుపేసుకుంటుంది." ఆ కిందే ఆ అమ్మాయి జవాబు.

మర్నాడు ఆయన హలో అక్కను నిలబెట్టి క్లాసు పీకాడు. కోడలి గురించి పీకాడు, టైపు గురించి పీకాడు, నమ్మకం గురించి పీకాడు. ఉద్యోగం తీసేయలేదు. ఆ పూట పేపరు ఒక్క ప్రతి మిగల్లేదు మరి. మూడో పేజీలో సవరణ వేశారు: "నిన్నటి కోర్టు వార్తలో పొరపాటున చేరిన వాక్యం వల్ల ఎవరి కుటుంబానికైనా మనస్తాపం కలిగి ఉంటే చింతిస్తున్నాము." కేసు నడిచినన్నాళ్ళలో ఆ పత్రిక చెప్పుకున్న క్షమాపణ అదొక్కటే. క్యాంటీన్ పిన్ని కోడలికి. రోజుల తరబడి ఒక మనిషిని మూగదాన్ని చేసినందుకు చింతించిన దాఖలా లేదు.

మేనేజరుకు శిక్ష పడింది. పేపరు వల్ల పడిందని ఎవరూ రుజువు చెయ్యలేరు. పడకపోతే పేపరు వల్లేనని ఎవరూ ఒప్పుకునేవారూ కాదు. చాలా ఏళ్ళ తర్వాత పత్రిక వార్షికోత్సవ సంచికలో మాత్రం "ఆనాడే అబలకు గొంతునిచ్చాం" అని నిండు పేజీ వేసుకున్నారు. ఫోటోలో కత్తెర ఉన్నాడు, ఎడిటరు ఉన్నాడు. చెక్క గది అద్దంలో ఒక జడ కొంచెం కనిపిస్తుంది. గొంతు ఎవరూ ఇవ్వలేదు. అది ఆ అమ్మాయికి ముందే ఉంది.

కానీ ఆ సాయంత్రం సంగతి చెప్పాలి.

హలో అక్క ఇంటి మెట్లు ఎక్కుతుండగానే అత్తగారి గొంతు వినిపించింది. ఇంట్లోంచి కాదు, వరండాలోంచి. పిట్టగోడ మీదికి వంగి, పేపరు చాచి పట్టుకుని, ఎదురింటావిడకు చదివి వినిపిస్తోంది.

"విన్నారా? 'ఆయన్ని ఎవరూ అడగలేదు, ఎందుకొచ్చావని!' ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడట, సిగ్గులేని వెధవ! ఏం చెప్పిందండీ పిల్ల! చెంప ఛెళ్ళుమనిపించింది!"

కోడల్ని చూసి వెనక్కి తిరిగింది. మొహమంతా వెలిగిపోతోంది. పేపరు మీద వేలు పెట్టి, "ఇది చూడవే! చివరికి నోరు విప్పింది. మధ్యలో ఎవరో తలుపేసుకున్నారని ఉందేమిటో, అది మటుకు అర్థం కాలేదు."

"అది క్యాంటీన్ పిన్ని కోడలు అత్తయ్యా. తర్వాత చెబుతాను." హలో అక్క వరండా మెట్టు మీద కూలబడి వేళ్ళు విరుచుకుంది. నవ్వు ఆగడం లేదు. మెడ నిలబడటం లేదు.

అత్తగారు మళ్ళీ పేపరులోకి చూసింది. చూస్తూ చూస్తూ ఏదో తట్టినట్టు ఆగింది. కళ్ళజోడు తీసింది.

"ఏమే, ఇంత మాటకారి పిల్ల ఇన్నాళ్ళూ మాట్లాడకుండా ఎలా ఉందే?"

"మాట్లాడుతూనే ఉంది అత్తయ్యా. రోజూ మాట్లాడింది. భోజనాలయ్యాక."